వెల్లకిలా ఈదే చేప

అత్తగారు ఇచ్చిన సాయంత్రపు టీ చల్లారిపోతోంది. సముద్రపు లోతుల్లోని జీవులపై పరిశోధన చేసే కోడలు కప్పు ముట్టుకోలేదు. పరిశోధన ఓడ ఎక్కనివ్వమని ఆమె అడగడం, ఆఫీసులో పెద్దసారు కాదనడం కొత్త కాదు. ఈసారీ అదే జవాబు: "ఓడలో స్నానాలగది ఒక్కటే ఉందమ్మా. మగవాళ్ల మధ్య మీకే ఇబ్బంది."

మన మేలు కోరినట్టే వినిపించే ఇలాంటి మాటలు ఎందరి దారికి అడ్డుపడ్డాయో! ఓడ తెచ్చిన చచ్చిన చేపలను సీసాల్లో చూడటమే ఇన్నాళ్లూ ఆమె వంతు. వాటిలో ఒక నల్లచేపకు వెలుగుచుక్కలు వీపున ఉన్నాయి. కిందనుంచి చూసే శత్రువుకు తమ నీడ కనబడకుండా చాలా చేపలు పొట్టకింద వెలుగు పెట్టుకుంటాయి. కాబట్టి ఇది వెల్లకిలా ఈదుతుందని ఆమె వాదన. పెద్దసారు గీయించిన పటంలో మాత్రం అది బుద్ధిగా బోర్లానే ఉంది. "చేపకి కూడా శీర్షాసనం నేర్పారే!" అని ఆఫీసంతా నవ్వింది.

"దిగి చూస్తేగాని తేలదు అత్తయ్యా. ఓడనుంచి ఇనుపగోళంలో మనుషుల్ని సముద్రం లోతుకి దింపడం ఇదే ఆఖరుసారట."

మర్నాడు అత్తగారు ఆఫీసుకి వెళ్లి పెద్దసారు బల్లమీద ఇత్తడి గడియ ఒకటి పెట్టింది.

"ఏమిటమ్మా ఇది?"

"గడియ బాబూ. నేను కాపురానికొచ్చేనాటికి మామగారు, నలుగురు మరుదులు, అందరికీ స్నానాలగది ఒక్కటే. మా ఆయన తలుపుకి గడియ బిగించాడు. నేనేం పుట్టింటికి పారిపోలేదు."

పక్కనే ఉన్న ఓడ కెప్టెన్ పకపకా నవ్వి, "మరలు కూడా తెచ్చారా పిన్నిగారూ?" అంటూ గడియను జేబులో వేసుకున్నాడు. అదృష్టవశాత్తూ పెద్దసారు నోట ఈసారి "కాదు" అన్న మాట రాలేదు.

కోడలు ఓడెక్కిన కొన్నాళ్లకు, ఆమె దిగిన గోళంలోని టెలిఫోను మూగబోయిందని ఓడనుంచి కబురొచ్చింది. ఆపైన గాలివానకు కబుర్లే ఆగిపోయాయి. ఓడ తిరిగొచ్చే రోజున అత్తగారూ కొడుకూ తెల్లారకముందే రేవు చేరారు. "దానికేం, గట్టిపిండంరా," అంటూనే ఆవిడ కొడుకు చెయ్యి వదల్లేదు. గడ్డం కూడా గీసుకోకుండా పెద్దసారూ వచ్చాడు.

ఓడ మెట్లమీద కోడలు కనబడింది. అప్పటికిగాని ముగ్గురికీ ఊపిరాడలేదు.

"అత్తయ్యా! వెల్లకిలానే ఈదుతోంది! కళ్లారా చూశాను!"

"దాని ఈత సరే, నువ్వు ఏమైనా తిన్నావా?"

పెద్దసారు తల వంచుకున్నాడు. "ఆ పటం నా చేత్తోనే తిరగేసి తగిలిస్తానమ్మా. ఇన్నాళ్లూ మీ కోడల్ని ఆపింది నేనే."

ఆవిడ మెల్లగా అంది: "గడియ బిగించాల్సింది తలుపుకి బాబూ, మనిషి బతుక్కి కాదు."