ఆహ్వానం ఉన్నవాళ్ళకే

గుత్తి వంకాయల్లో కారం కూరుతున్న హరిణి దగ్గరికి ఆ పూట రఘునందన్ స్వయంగా వంటింట్లోకి వచ్చాడు. ఇరవై రెండేళ్ళ కాపురంలో మంచినీళ్ళ కోసమైనా ఆ గుమ్మం తొక్కని మనిషి.

"నెట్‌లో ఆ పాత సినిమాల గ్రూపులో ‘కత్తెర’ అంటే నువ్వేనటగా! పాస్‌వర్డ్ చెప్పు."

పాతతరం నటీమణుల మీద ఓటీటీ కోసం అతనొక సిరీస్ తీస్తున్నాడు. దానికో నలుపు తెలుపు సినిమా కావాలి. తీసిన కంపెనీ ఏనాడో మూతపడింది, నెగెటివ్ లేదు, ఏ ల్యాబ్‌లోనూ ప్రింట్ లేదు. ఉన్న ఒక్క కాపీ ఆ గ్రూపులో ఉంది.

"పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకూడదండీ. అది అక్కడి మొదటి నియమం."

"నేను ఎవరో ఒకడినా?"

హాల్లోంచి అత్తగారు బాలాత్రిపురసుందరి అందుకుంది. "మొగుడి దగ్గర దాచే పాస్‌వర్డ్ ఏంటమ్మా, విడ్డూరం కాకపోతే!"

హరిణి ఇంకో వంకాయ చేతిలోకి తీసుకుంది. ఆ గ్రూపు గురించి వీళ్ళకు ఎలా చెప్పాలి? లోపలివాళ్ళు పిలిస్తే తప్ప అందులోకి ఎవరూ రాలేరు. ఏడేళ్ళ కిందట తనను పిలిచింది అనంతపద్మనాభం, రిటైరైన సౌండ్ ఇంజనీరు. "నువ్వు తప్పు చేస్తే నిన్ను పిలిచినందుకు నన్నూ పంపించేస్తారమ్మా, జాగ్రత్త" అని ముందే చెప్పాడు. తీసుకున్నంత తిరిగి ఇవ్వాలి. దించుకున్న సినిమాను మన కంప్యూటర్లోంచి మిగతావాళ్ళు అందుకునేలా తెరిచి ఉంచాలి. ఎంత తీసుకున్నామో, ఎంత పంచామో అందరికీ కనిపిస్తూనే ఉంటుంది. కొత్త సినిమాలు రానివ్వరు. బయట అమ్మితే మళ్ళీ ఆ ముఖం చూడరు. ఇదీ దొంగతనమేనా అని ఆమె మథనపడిన రోజులున్నాయి. కానీ పారేసినవాటిని ఏరి, తుడిచి, దాచి, అడిగినవాళ్ళకు ఇవ్వడమే అక్కడి పని. పెళ్ళికి ముందు స్టూడియోలో అసిస్టెంట్ ఎడిటర్‌గా నేర్చిందంతా అక్కడే మళ్ళీ చేతుల్లోకి వచ్చింది. ఎవరో టీవీలోంచి రికార్డు చేసుకున్న క్యాసెట్టు తెచ్చి, మధ్యాహ్నాలు అత్తగారు పడుకున్నాక కూర్చుని, గీతా గీతా చెరిపి ఇప్పుడితను అడుగుతున్న సినిమాను బతికించడానికి అయిదు నెలలు పట్టింది. "అస్తమానం ఆ పెట్టె ముందు ఏం వెలగబెడుతున్నావు?" అని ఈ రఘునందనే అడిగాడు. అతని మొదటి సినిమాకు ఆరోనెల కడుపుతో నాలుగు రీళ్ళు ఎడిట్ చేస్తే, తెర మీద ఇంకెవరి పేరో పడింది. "ఇంట్లో మనిషికి టైటిలెందుకు హరీ?" అన్నాడు. అప్పుడామె కూడా నవ్వి ఊరుకుంది.

"సరే, నన్ను పిలువు మరి" అన్నాడతను.

"మీరు దాన్ని అమ్ముతారు. నేను పిలవను."

ఆ మాట అంత తేలిగ్గా తన నోటినుంచి వచ్చినందుకు ఆమెకే ఆశ్చర్యమేసింది. అతను గిర్రున తిరిగి వెళ్ళిపోయాడు.

మర్నాడు అత్తగారిని కంటి డాక్టరుకు చూపించి తెచ్చేసరికి బల్ల మీద లాప్‌టాప్ లేదు. ఫోన్‌లో గ్రూపు నిర్వాహకుల సందేశం ఉంది. ‘మీ ఖాతా కొత్త చోటునుంచి తెరుచుకుంది. ఒక్కసారే పదకొండు సినిమాలు దిగాయి. వివరణ ఇవ్వండి.’

ఇంట్లో నెట్ కనెక్షన్ మార్చామని రాస్తే సరిపోతుంది. నమ్ముతారు కూడా. ఏడేళ్ళలో మచ్చలేని పేరు తనది. కానీ ఆ అబద్ధం ఎప్పుడు బయటపడినా అనంతపద్మనాభాన్ని కూడా గ్రూపులోంచి పంపించేస్తారు. మొగుడి తప్పు కప్పడానికి పెద్దాయనను బలిపెట్టాలా? హరిణి మంచం అంచున కూర్చుని రాసింది. ‘నా భర్త నాకు చెప్పకుండా నా ఖాతా వాడాడు. అమ్మడానికి. లాప్‌టాప్‌కు తాళం వేయని తప్పు నాది. నన్ను పిలిచినాయనకు సంబంధం లేదు.’ పంపించి, డ్రైవర్ భిక్షాన్ని పిలిచి కారెక్కింది.

ఫిల్మ్ నగర్‌లోని భర్త ఆఫీసులో ఓటీటీ నుంచి వచ్చిన లాస్య తెర వైపు చూస్తోంది. పక్కన రఘునందన్. "మా టీమ్ అయిదు నెలలు రాత్రింబవళ్ళు కష్టపడిందండీ."

పైరసీ అంటే మీటింగుల్లో కోపంతో ఊగిపోయే గొంతు అది.

"ఆ టీమ్ నేనే" అంది హరిణి తలుపు దగ్గర్నుంచి. "ఇది అమ్మే హక్కు నాకు లేదు, ఈయనకు అసలే లేదు."

"హరీ, ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం" అన్నాడు, నవ్వు చెదరకుండా.

"ఇంట్లో మాట్లాడేశానుగా. పిలవనన్నాను."

లాస్య ఆమెనే చూస్తూ అడిగింది. "నిజంగా మీరే చేశారా అండీ?"

"రెండో పాటలో కుడివైపు ఒక గీత ఉంటుంది. చెరిపితే హీరోయిన్ చెంప మీది పుట్టుమచ్చ కూడా పోతోంది. అందుకే వదిలేశాను. చూడండి."

లాస్య ఆ పాట పెట్టమంది. గీత ఉంది. హరిణి లాప్‌టాప్ మూసి, దించిన డిస్కుతో సహా తీసుకుని బయటికొచ్చింది. వెనకనుంచి రఘునందన్ "పరువు తీసింది" అనడం వినిపించింది. ఆమె ఆగలేదు.

కారు మలుపు తిరిగాక అడిగింది. "భిక్షం, మీ కృష్ణానగర్‌లో చిన్న గది దొరుకుతుందా?"

"మా గల్లీల ఒకటి ఖాళీగున్నదమ్మా. కిరాయి జర ఎక్కువ జెప్తున్నరు. ఎవరికి?"

"నాకు. పని చేసుకోవడానికి."

భిక్షం అద్దంలోంచి ఒకసారి చూసి, బండిని కృష్ణానగర్ వైపు తిప్పాడు.

నాలుగో రోజు అనంతపద్మనాభం ఫోన్ చేశాడు. "నీ ఖాతా మూసేశారమ్మా. ముందే నిజం చెప్పావని నాది ఉంచారు. ఏడాదయ్యాక నిన్ను మళ్ళీ పిలవొచ్చట. వస్తావా?"

హరిణి ఆ చిన్న గదిలో, ఇంకా బీరువా కూడా లేని గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"వస్తాను బాబాయిగారూ. ఈ గదికి తాళంచెవి ఒక్కటే. అది నా దగ్గరే ఉంది."