ఒక్క డ్యూటీయే

కరోనా రెండోసారి విరుచుకుపడిన ఆ ఎండాకాలం నిషాత్ వనపర్తిలోని ఒక దవాఖానలో నర్సుగా పనిచేస్తుండేది. సొంతూరు అయిజ. ఊరికి పోయి చాలా రోజులైంది. పొద్దుటి డ్యూటీ ముగిసే వేళకు, సాయంత్రం రావలసిన నర్సుకు జ్వరమని కబురు వచ్చేది. నిషాత్ నీళ్లు తాగి, మళ్లీ పీపీఈ కిట్టు తొడుక్కుని అదే కరోనా వార్డులోకి నడిచేది.

అలసట ఆమెకు కొత్త కాదు. కొత్తది వేరే ఉంది. ఒక మధ్యాహ్నం ఒక ముసలాయన ఆమె చేతుల్లోనే పోయాడు. గేటు అవతల ఆయన కొడుకు నేల మీద కూలబడి ఏడుస్తున్నాడు. నిషాత్ మనసులోకి వచ్చింది ఒకటే మాట: మంచం ఖాళీ అయింది, ఆటోలో ఎదురుచూస్తున్న మనిషిని లోపలికి పిలవొచ్చు. తర్వాత అన్నం తింటుంటే ఆ సంగతి గుర్తొచ్చింది. ఏడుపు రాలేదు. రావాలి కదా అని మాత్రం అనిపించింది.

ఆ వారంలోనే ఇంకోటి జరిగింది. వీపనగండ్ల నుంచి వచ్చిన గురవమ్మ కిటికీ పక్క మంచం మీద ఉంది. షుగర్ ఉన్నది ఆమెకు కాదు, పక్క మంచం గోవిందుకు. నిషాత్ ఇన్సులిన్ సూది పట్టుకుని వచ్చి, గురవమ్మ చేతిని దూదితో తుడిచింది. సూది చర్మానికి ఆనించబోతుండగా ఆ చేతికున్న మట్టిగాజులు కనబడ్డాయి. ఆమె అక్కడే ఆగిపోయింది.

"ఏమైంది బిడ్డా?" అంది గురవమ్మ, ఆక్సిజన్ మాస్కు లోపలి నుంచి.

"ఏం లేదమ్మా. ఇది నీది కాదు."

గోవిందుకు ఇవ్వవలసింది ఇచ్చి, హెడ్ నర్సు రాధిక దగ్గరికి వెళ్లింది.

"అక్కా, ఇంకొంచెమైతే గురవమ్మకు ఇన్సులిన్ ఇచ్చేస్తుంటి."

"ఇయ్యలేదు గదా."

"ఇయ్యాల ఇయ్యలేదు. రేపు ఇస్త. నా కండ్లు నా మాట ఇంటలేవు."

మాస్కు తాళ్లు ఒరుసుకుని రాధికకు చెవుల వెనక పుండ్లు పడ్డాయి. గోడకు ఒరిగి కళ్లు మూసుకుంది. "నేను గూడ నిలబడే నిద్రవోతున్న నిషాత్. ఉన్నోళ్లల్ల సగం మంది మంచం పట్టిండ్రు. నువ్వు గూడ పోతనంటే నేనేం జెయ్యాలె?"

"పోతనంటలేనక్కా. నా డ్యూటీ నేను చేస్త. దాని మీద ఇంకోటి మాత్రం చెయ్య. ఎవ్వరం చెయ్యొద్దు. సార్‌తోని మాట్లాడుదాం, రా."

సూపరింటెండెంట్ భానుప్రకాశ్ ఆక్సిజన్ లారీ కోసం ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడు. ఆయన కళ్లూ ఎర్రగానే ఉన్నాయి. విషయం విని ఫోను బల్ల మీద పెట్టాడు.

"సమ్మె చేసే టైమా ఇది?"

"సమ్మె కాదు సార్," అంది నిషాత్. "డ్యూటీ మీద డ్యూటీ చేస్తే నేను మందు ఇస్తున్ననో ప్రాణం తీస్తున్ననో నాకే తెలుస్తలేదు."

"మరి ఎవర్ని తేవాలె?"

"కంటి వార్డు బంద్ ఉంది. అక్కడి సిస్టర్లు టీకాల కాడ పేర్లు రాస్తున్నరు. పేర్లు ఎవరైనా రాస్తరు."

"ఇంట్ల చిన్నపిల్లలున్నరమ్మా వాళ్లకు. కరోనా వార్డుకు రారు."

"మీరు అడిగిండ్రా సార్?"

"నీది కాంట్రాక్టు ఉద్యోగం, మర్చిపోకు" అన్నాడాయన.

నిషాత్ వెనక్కి తగ్గలేదు. "పోతే పోనీయుండ్రి సార్. నిద్రకండ్లతోని ఆ సూది మాత్రం నేను పట్ట."

"నేను గూడ ఈమెతోనే సార్," అంది రాధిక.

భానుప్రకాశ్ బల్ల మీది ఫోను తీసి కంటి వార్డు సిస్టర్లకు చేశాడు.

కంటి వార్డు నర్సుల్లో ఒకామె రానని తేల్చి చెప్పింది. ఇంకొకామె, ఉష, వచ్చింది, సంతోషంగా మాత్రం కాదు. "మీరు పండుకోనీకె నేను చావాల్నా?" అంది కిట్టు తొడుక్కుంటూ. నిషాత్ ఆమెతో వాదించలేదు. కిట్టు జిప్పు మెడదాకా లాగి, ఎవరికి ఏ మందో ఒక్కొక్క మంచం దగ్గర నిలబెట్టి చెప్పింది. ఇంకో నర్సు లోటు తీర్చడానికి జూనియర్ డాక్టర్లు కూడా సూదులు వేయాలని భానుప్రకాశ్ హుకుం జారీ చేశాడు. కొందరు గొణిగారు, అయినా వేశారు.

ఆ సాయంత్రం హాస్టల్‌కు పోయి పడుకున్న నిషాత్ బాగా పొద్దెక్కాక లేచింది. అయిజలో ఉన్న తల్లి సఫియాకు ఫోను చేసింది. ఏం తిన్నావని తల్లి అడగ్గానే ఎక్కడ దాగి ఉందో గాని ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. తల్లి ఫోను పెట్టేయకుండా అది తగ్గేదాకా అలాగే ఉంది.

జబ్బు ఇంకా తగ్గుముఖం పట్టలేదు. నిషాత్ రోజూ వార్డుకు వచ్చింది. తన వేళ ముగిశాక వెళ్లిపోవడమే అన్నిటికన్నా కష్టమైన పని అయింది. ఒకరోజు ఆమె గేటు దాటుతుంటే రోగి తాలూకు మనిషి ఒకడు అడ్డం వచ్చాడు.

"మా అమ్మకు దమ్ము ఆడుతలేదు, నువ్వు పోతున్నవా సిస్టర్?"

ఆమె కాళ్లు వెనక్కి తిరగబోయాయి. ఆపుకుంది.

"లోపల ఉష సిస్టర్ ఉంది, మంచిగ చూస్తది. నేనే చెప్పొస్త, ఆగు." వార్డు తలుపు దాకా పోయి, బయటి నుంచే ఉషను పిలిచి, ఆ తల్లి మంచం చూపించింది. ఉష అటు నడవడం కళ్లారా చూసి, గేటు దగ్గరికి తిరిగొచ్చింది.

"నేను రేపు పొద్దుగాల్ల వస్తనన్నా," అని అతనితో చెప్పి, హాస్టల్ వైపు నడిచింది.