వార్తలు లేని రోజు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. దర్జీకి అది పనికిరాని గుణం. కొలతలిచ్చేటప్పుడు పొట్ట లోపలికి లాక్కుని నిలబడే మనుషులే తర్వాత చొక్కా బిగుతైందని నన్ను తిడతారు, నేను తిరిగి తిడతాను. కిడ్నీలు పాడయ్యాక ఆ కోపమంతా ఆస్పత్రి మీదికి మళ్ళింది. నెలనెలా రక్తం తీసి, అంకెలు చూసి, "బాగున్నారు" అంటారు. అంకెలు బాగుంటే నేను బాగున్నట్టేనా?

నాది ఇంట్లో చేసుకునే డయాలిసిస్. పొట్టకు అమర్చిన సన్నటి గొట్టం గుండా మందునీళ్ళు లోపలికి వెళ్తాయి. కొన్ని గంటలు అక్కడే ఉండి, రక్తంలోని చెత్తతో సహా సంచీలోకి దిగుతాయి. మా ఆవిడ కిటికీ మూసి, ఫ్యాను ఆపి, చేతులు రుద్ది రుద్ది కడుక్కుని, మాస్కు కట్టుకుని సంచీ మారుస్తుంది. కుర్చీలో కూర్చుని సణగడం నా వంతు. నర్సు ఇదంతా నేర్పిన రోజు నేనూ అక్కడే ఉన్నాను గానీ, మనసు మాత్రం దుకాణంలో ఉంది.

పొద్దున సంచీ నిండాక మా ఆవిడ దాన్ని పట్టుకుని పక్కగదిలోకి వెళ్తుంది. పారబోసే ముందు అక్కడున్న పేపర్లోంచి ఏదో ఒకటి పైకి చదువుతుంది.

"గది అద్దెకు ఇవ్వబడును. నీటి సౌకర్యం కలదు."

"మనకెందుకే ఆ గది?" అని ఇవతల్నించి అరుస్తాను.

ఆమెకు పేపరు పిచ్చి అనుకునేవాణ్ణి.

ఒకరోజు డాక్టరమ్మ మా ఇద్దర్నీ పిలిపించింది. ఏదో కొత్త మందునీళ్ళు వచ్చాయట. చాలామంది మీద పరీక్షించి చూస్తారట. అవి మంచివో కావో తేల్చడానికి ఏం చూడాలన్నది రోగులూ ఇంటివాళ్ళూ కూర్చుని చెప్పాలట.

"కొలతలు మేం తీసుకుంటాం మాస్టారూ. ఏం కొలవాలో మీరు చెప్పండి," అంది.

టేపు పట్టుకున్న మనిషి నన్నే అలా అడగడం నా జన్మలో అదే మొదటిసారి.

కానీ ఆ కొత్త నీళ్ళతో ఒక తంటా ఉంది. రక్తాన్ని ఇంకాస్త శుభ్రం చేస్తాయి గానీ మధ్యాహ్నం మరోసారి సంచీ మార్చాలి. నా దుకాణానికి జనం వచ్చేదే మధ్యాహ్నం. అంకెలే చూసి ఆ నీళ్ళు మంచివని తేల్చేస్తే అందరికీ అవే ఇస్తారు, నా మిషను మీద దుమ్ము పేరుకుంటుంది. మిషను ముందు కూర్చుంటేనే నేను దర్జీని, లేకపోతే ఉత్త రోగిని. అందుకని తాడోపేడో తేల్చుకుందామనే ఆ సమావేశానికి వెళ్ళాను.

పొడవాటి గదిలో కుర్చీలు వేశారు. డాక్టరమ్మ ముందుగా పొట్టలో ఏం జరుగుతుందో చెప్పింది. పేగుల చుట్టూ పల్చటి పొర ఉంటుందట, చెత్తను వడకట్టేది అదేనట. విప్పి పరిస్తే దాదాపు ఒక చొక్కాకు పట్టే గుడ్డంత ఉంటుందట. ఇన్నేళ్ళుగా ఊరందరి కోట్లకూ లైనింగు వేశాను. నా లోపల ఎక్కడా అతుకు లేని లైనింగు ఒకటుందని నాకు తెలియదు. ఇన్ఫెక్షన్ పదే పదే వస్తే ఆ పొర పాడైపోతుందట, ఇక ఈ డయాలిసిస్ కుదరదట.

గోడకు అట్టలు అంటించారు. రక్తం శుభ్రపడటం, ఇన్ఫెక్షన్ రాకపోవడం, ఎక్కువకాలం బతకడం, తన పని తాను చేసుకోగలగడం, ఇలా ఒక్కో అట్ట మీద ఒక్కోటి రాసుంది. మనిషికో ఎర్రబొట్టు ఇచ్చారు, ముఖ్యమనుకున్నదాని మీద అంటించమన్నారు. నేను పక్కనున్న బస్సు కండక్టరుకు నూరిపోసి, అతని బొట్టు 'తన పని' మీద పడేలా చేశాను. ఇంతలో మా ఆవిడ లేచి వెళ్ళి తన బొట్టు 'ఇన్ఫెక్షన్' మీద అంటించింది.

నాకు ఒళ్ళు మండింది. "నా దుకాణం ఏమైపోయినా నీకు పట్టదా?" అని అందరి ముందే అరిచాను.

"పడుతుందండీ," అంది నెమ్మదిగా. "కానీ పొద్దున్నే ఆ సంచీ పేపరు మీద పెట్టి చూసేది నేను. నీళ్ళు తేటగా ఉంటే కింద అక్షరాలు కనిపిస్తాయి. మసగ్గా ఉంటే ఇన్ఫెక్షనని నర్సమ్మ చెప్పింది కదా, మీరు విన్లేదు."

"మరి పైకెందుకు చదవడం?"

"నా గొంతు నాకు వినబడితేగానీ నమ్మకం కుదరదు."

అప్పుడు గుర్తొచ్చింది. పోయిన వానాకాలం ఒక పొద్దున పక్కగదిలోంచి ఏ చప్పుడూ లేదు. ఆమె బయటికొచ్చి, "ఇవాళ వార్తలేం లేవు. చొక్కా వేసుకోండి, ఆస్పత్రికి వెళ్దాం," అంది. "లోకంలో ఏమీ జరగలేదా?" అని దారి పొడుగునా వేళాకోళం చేశాను. ఆమె నవ్వింది కూడా. తొందరగా తీసుకొచ్చారు కాబట్టి సరిపోయింది అన్నారు ఆస్పత్రిలో. ఆ నవ్వు వెనక ఎంత భయం దాచుకుందో ఇప్పుడు తెలిసింది.

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి, "అందరిళ్ళలోనూ ఇంతేనా?" అని అడిగింది.

"నేను క్యాలెండరు పెట్టి చూస్తాను," అంది కండక్టరు భార్య.

"మా మనవరాలి పాఠాల పుస్తకం," అన్నాడు వెనకనుంచి ఒక ముసలాయన. "నాకిప్పుడు గుణింతాలన్నీ వచ్చేశాయి."

కొందరు నవ్వారు, కొందరు కళ్ళు తుడుచుకున్నారు. రోజూ తెల్లారేసరికి ఇన్ని ఇళ్ళలో ఇంతమంది, తమవాళ్ళ ప్రాణాన్ని వెలుతురుకు పట్టుకుని అక్షరాలు చదువుతున్నారు. ఇంత పెద్ద సంగతి గోడ అవతలే జరుగుతుంటే నేను సణుగుతూ కూర్చున్నాను.

నా బొట్టు తీసుకెళ్ళి ఆమె బొట్టు పక్కనే అంటించాను.

"అయ్యో, మీ దుకాణం?" అంది కంగారుగా.

"కండక్టరు చూసుకుంటాడులే," అన్నాను.

చివరికి లెక్క తేలింది. ఇన్ఫెక్షన్ ముందు, దాని వెనకే 'తన పని'. పరీక్షలో రెండూ చూస్తామని డాక్టరమ్మ మాటిచ్చింది.

మర్నాడు పొద్దున సంచీ నిండింది. ఆమె దాన్ని పట్టుకుని పక్కగదిలోకి వెళ్ళింది. నేను చెవులు రిక్కించాను. కాగితం చప్పుడైంది. ఆ తర్వాత కాసేపు ఏమీ వినబడలేదు.

"పాత సైకిలు అమ్మబడును," అంది లోపల్నించి. "బ్రేకులు బాగా పనిచేయును."

"ఇంకోసారి చదవవే," అన్నాను.