కొలతల పుస్తకంలో లేని పిల్ల

దర్జీగారికి నలుగురు ఆడపిల్లలు. ఆఖరిదాన్ని ఇంటాబయటా అందరూ ‘చిన్నది’ అనే పిలుస్తారు. నోట్లో నాలుక లేని పిల్ల అని పేరు. ఉండి మాత్రం ఏం లాభం? పై ముగ్గురూ గుక్క తిప్పుకోకుండా మాట్లాడే ఇంట్లో దీని వంతు ఎప్పుడొస్తుంది? బట్టలదీ అదే కథ. పెద్దక్క గౌను రెండో అక్కకి, ఆమె నుంచి మూడో అక్కకి, చివరికి అంచు మడిచి దీనికి. ఊళ్లో సగం మంది కొలతలు నాన్న పుస్తకంలో ఉన్నాయి. దీనివి మాత్రం లేవు.

అలాంటి పిల్ల వాలీబాల్ జట్టులో చేరింది. బంతి ఎక్కడ పడుతుందో ముందే కనిపెట్టి అక్కడికి చేరుకునేది. వచ్చిన తంటా అంతా నోటితోనే. అందుకునేవాళ్లు ‘నాది’ అని అరవాలి, లేకపోతే పక్కవాళ్లూ వచ్చి పడతారు. మంగళవారం సరిగ్గా అదే జరిగింది. చిన్నది పెదవి విప్పలేదు, జట్టులోని పొడుగుపిల్ల పరుగెత్తుకొచ్చి గుద్దుకుంది. ఇద్దరి నుదుళ్లూ బొప్పి కట్టాయి. బంతి వాళ్ల మధ్య పడి తన దారిన తాను దొర్లిపోయింది.

ఆట నేర్పే అక్క పగలంతా సిటీ బస్సు నడుపుతుంది. చిన్నదాన్ని పక్కకు పిలిచింది.

"మలుపులో హారన్ కొట్టకపోతే ఏమవుతుందే?"

"గుద్దుకుంటాం."

"తెలుసుగా మరి. బంతి వదిలేసినా ఏమీ అనను. నోరు మెదపకపోతే మాత్రం ఆదివారం ఫైనల్లో బెంచీ మీద కూర్చోబెడతా."

తనూ ఒక మనిషినే అని చిన్నదానికి అనిపించేది ఆ మైదానంలోనే. ఆ వారమంతా నాన్న కుట్టుమిషను చప్పుడు చాటున ‘నాది, నాది’ అని గొణుక్కుంది. పుట్టి బుద్ధెరిగి ఏ వస్తువునీ అలా అనలేదు కదా, మాట గొణుగుడు దాటేది కాదు.

ఆదివారం ఆట మొదలైంది. మొదటి బంతే నెత్తి మీదుగా వచ్చింది.

"నాది."

ఆ కేకకి మైదానమంతా ఇటు తిరిగింది. చిన్నది వెనక్కి పరుగెత్తి బంతిని తాకింది. అయితే అది గీత దాటి బయట పడబోతున్న బంతి. ముట్టుకోకుండా ఉంటే పాయింటు తమకే వచ్చేది.

"బయటికి పోయేది కూడా నీదేనా? ఎంత ఆశే నీకు," అని పొడుగుపిల్ల పకపకా నవ్వింది.

"పోతే పోనీ. హారన్ పనిచేస్తోంది," అంది ఆట నేర్పే అక్క గట్టు మీంచి.

చిన్నదానికీ నవ్వొచ్చింది. ఇక ఆ నోటికి తాళం పడలేదు. ‘నాది’, ‘నువ్వు తియ్యి’, ‘వెనక్కి జరుగు’ అంటూ మిగతా ఐదుగురినీ ఆడించింది. రెండు పాయింట్ల తేడాతో నెగ్గారు. వచ్చే నెల పోటీకి కెప్టెన్‌వి నువ్వేనంది ఆట నేర్పే అక్క. దాని కాళ్లు నేల మీద లేవు.

ఇంటికొచ్చేసరికి నాన్న కొత్త పోటీ కబురు విని, మూడో అక్క పాత చొక్కా, కత్తెర పట్టుకుని కూర్చున్నాడు.

"అక్కది వద్దు నాన్నా. నాకు కొత్తది కుట్టు."

నాన్న కత్తెర పక్కన పెట్టాడు. మెడలోని టేపు తీసి, పుస్తకంలో కొత్త పేజీ తిప్పాడు. భుజం, ఛాతీ, చెయ్యి కొలుస్తుంటే చిన్నది చక్కిలిగింతలతో మెలికలు తిరిగింది.

"పైన ఏం రాయను, చిన్నది అనా?"

"కెప్టెన్ అని రాయి."

నాన్న గుండ్రంగా రాశాడు.