కోడలి నోటి కత్తెర

ఫుమినో గారికి కోడలు చినాత్సు మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఆ పిల్ల ఏ మాటనూ పూర్తిగా పలకదు. పర్సనల్ కంప్యూటర్ ఆమెకు పసొకొన్, రిమోట్ కంట్రోల్ రిమొకొన్.

"నోట్లో కత్తెర పెట్టుకు పుట్టావే తల్లీ!"

"మీరు మాత్రం బిల్డింగుని బిరు అనరూ? అదేం కోత అత్తయ్యా?"

ఇంగ్లీషు మాటలొస్తే దేశంలో అందరి నోళ్లూ అంతేనని ఆవిడకూ తెలుసు. అయినా అత్తగారన్నాక ఏదో ఒకటి అనాలి కదా.

బుధవారం చినాత్సు ఫోనులో మాట్లాడుతుంటే ఆవిడ చెవిన పడింది. అవతల ఉన్నది ఆవిడ సొంత కూతురు మిహోకో.

"శనివారం పొద్దున్నే అత్తయ్యను హోములో కూర్చోబెట్టేస్తా వదినా. మీరు ముందే చెప్పేయకండి, రానని మొండికేస్తారు."

ఫుమినో గుండె గుభేలుమంది. హోమంటే ముసలివాళ్ల హోమే, ఇంకేముంది! కన్నకూతురు కూడా ఇందులో చేరిందే! ఆవిడ ఏడ్చి మొత్తుకునే రకం కాదు. గెంటించుకోవడం కంటే తలెత్తుకుని నడిచి వెళ్లడమే నయమనుకుంది.

శనివారం చినాత్సు, "రెండు జతలు సర్దుకోండి, అలా బయటికి వెళ్లొద్దాం" అంది. ఫుమినో చలికోట్లతో సహా బీరువా మొత్తం పెట్టెలోకి దింపి, పైన భర్త ఫోటో పెట్టింది. ఒక గుడ్డమూట మాత్రం చేతిలోనే ఉంచుకుంది. ఆ పెట్టె మోస్తూ స్టేషను మెట్లెక్కేసరికి కోడలికి ఆయాసం వచ్చింది.

"రాళ్లేమైనా పెట్టారా ఇందులో? సరే, మీరు హోములో కూర్చోండి, నేను టీ పట్టుకొస్తా."

"ఏ హోములో?"

"ఇదిగో, ఈ మూడో నంబరు హోములోనే. వదిన రైల్లో వస్తున్నారు. ముగ్గురం వేడినీటి బుగ్గలకు వెళ్తున్నాం. చెబితే దండగ ఖర్చంటారని చెప్పలేదు."

పురాత్తొహోము! రైలాగే ప్లాట్‌ఫారాన్ని ఇక్కడందరూ పలికే తీరు! దాని తల నరికేసి, మిగిలిన మొండేన్ని హోమంటూ తనూ ఇన్నేళ్లుగా పిలుస్తూనే ఉంది. ఫుమినోకి నవ్వొచ్చింది, వెంటనే కళ్లలో నీళ్లూ తిరిగాయి.

"నన్ను ముసలివాళ్ల హోములో పడేస్తావనుకున్నానే."

చినాత్సు మొహం పాలిపోయింది. పెట్టె అంత బరువెందుకుందో అప్పుడు అర్థమైంది. అత్తగారి చేతిలో ఉన్న గుడ్డమూట వైపు చూసింది.

"మరి అదేంటి అత్తయ్యా?"

"నీకు భోజనం. నీకిష్టమని తీపి గుడ్డట్టు కూడా పెట్టా. నన్ను దిగబెట్టి ఒక్కదానివే తిరిగొచ్చేదానివి కదా, దారిలో ఆకలేస్తుందనీ..."