అద్దం ఊడిన పొద్దున

అత్తగారు వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడేసరికి ఎనిమిది దాటి ఐదు నిమిషాలైంది. ఆవిడ చేతుల్లో కారు అద్దం ఉంది. డ్రైవరు తలకి ఎదురుగా, ముందు గాజుకి అతికి ఉండే చిన్న అద్దం. పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకుంది.

"అమ్మాయ్, కొంప మునిగింది."

కోడలు స్టవ్ ఆపేసింది. "ఎక్కడిదత్తయ్యా ఇది?"

"ఎక్కడిదేమిటే, మన కారుదే. స్టీరింగు తుడుద్దామని తలుపు తీశాను. సీటు మీద పడి ఉంది."

పదిన్నరకి ఆవిడకి డ్రైవింగు పరీక్ష. యాభై నాలుగేళ్ళ వయసులో, మూడోసారి. మొదటిసారి బండి వెనక్కి తీస్తూ పాతిన కర్రని గుద్దేసింది. రెండోసారి కాళ్ళూ చేతులూ చల్లబడి బండిని అసలు కదిలించలేకపోయింది. నేర్చుకునేవాళ్ళకిచ్చే కాగితం గడువు ఇవాళ్టితో సరి. ఇది తప్పితే మళ్ళీ మొదటికొస్తుంది. లోపలి అద్దం లేని బండినైతే మైదానం గేటు దగ్గరే వెనక్కి తిప్పి పంపేస్తారు.

ఆ కారు మామగారిది. ముప్ఫై ఒక్క ఏళ్ళు టాక్సీ తోలాడాయన. చెప్పిన టైముకి ఠంచనుగా వాకిట్లో ఉంటాడని స్టాండులో అందరూ ఆయన్ని 'గడియారం' అని పిలిచేవాళ్ళు. నిరుడు రెండు కళ్ళ ముందూ పొగ కమ్మడం మొదలైంది. ఉన్న కాస్త చూపూ నిలబెట్టగలం గానీ పోయింది తేలేమన్నారు డాక్టర్లు. ఆయన తాళాలు తీసి మేకుకి తగిలించాడు. వారానికి మూడుసార్లు రక్తం శుద్ధి చేయించుకోవడానికి ఆయన కారులోనే ఆసుపత్రికి వెళ్ళే పక్కవీధి టీచరమ్మ బస్సులెక్కడం మొదలుపెట్టింది. ఓ రోజు ఫుట్‌బోర్డు మీంచి జారి పడింది. ఆ సాయంత్రమే అత్తగారు మేకుకున్న తాళాలు తీసి, "నేను తోలతాను" అంది. మామగారు అవుననలేదు, కాదనలేదు.

కోడలు చెయ్యి కడుక్కుని బయటికి నడిచింది. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం ఆమె పని. గాజుతో ఎలా మసలుకోవాలో ఆమెకి తెలుసు. గాజు చెప్పి పగలదని కూడా తెలుసు.

ముందు గాజు మధ్యలో, పైన, ఎండిపోయిన జిగురు పెచ్చు కట్టి ఉంది. దానికి రెండు వేళ్ళ కింద, ఎప్పుడో రాయి తగిలి కందిగింజంత దెబ్బ. ఆమె దృష్టి అక్కడే ఆగింది. ఒత్తిడి పడితే ఆ దెబ్బలోంచి చీలిక పాకుతుంది. చీలిక పాకితే గాజే మార్చాలి. ఇక పరీక్ష ఊసే ఉండదు.

అద్దం కాడని తిప్పి చూసింది. కాడ చివర, గాజుకి అతుక్కోవలసిన బొటనగోరంత ఇనుప బిళ్ళ ఇంకా బిగించే ఉంది. కాడ మాత్రం ఒక పక్కకి మెలితిరిగింది. దానంతటది ఊడిపడ్డ అద్దం ఇలా మెలితిరగదు.

"అత్తయ్యా, దీన్ని ఎవరైనా లాగారా?"

"ఎవరు లాగుతారే? వీధిలో పిల్లి కూడా ఆ కారు జోలికి రాదు."

వరండాలో కుర్చీలో కూర్చున్న మామగారు ఇటు తల తిప్పి, మళ్ళీ అటు తిప్పేసుకున్నాడు.

అడగడానికి టైము లేదు. విడిభాగాల కొట్టు తొమ్మిదింటికి గానీ తియ్యరు. ఆ లోపు కోడలు పాత జిగురంతా బ్లేడుతో గోకింది, దెబ్బ ఉన్న వైపుకి బ్లేడు జారకుండా ఊపిరి బిగబట్టి. స్పిరిట్‌తో తుడిచింది. గాజు బయటివైపు, బిళ్ళ రావలసిన చోట అత్తగారి కాటుక పెన్సిలుతో గీత గీసింది. కాడని పట్టకారుతో సరిచేసింది. కాడ నుంచి బిళ్ళని విప్పి, దానికి గరుకు కాగితం పట్టించింది. అత్తగారు కారు చుట్టూ తిరుగుతూ, "ఇండికేటరు, అద్దం, భుజం మీంచి చూపు, తర్వాత గేరు" అని అప్పజెప్పుకుంటోంది. మధ్యమధ్యలో ఆగి, "అయిందా?" అంటోంది.

"మీరలా తిరుగుతుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి అత్తయ్యా. లోపలికెళ్ళి తయారవండి."

తొమ్మిదింటికి కోడలు కొట్టు ముందు నిలబడింది. షట్టరు తొమ్మిదీ పదికి లేచింది. కొట్టాయన చిన్న పొట్లం చేతిలో పెట్టాడు. ముందు రాయడానికి ఒక నీళ్ళమందు, తర్వాత అంటించడానికి నాలుగు చుక్కల జిగురు.

"అంటించి ఒక్కరోజు కదపకండమ్మా," అన్నాడు.

"గంటలో పరీక్షండీ."

"అయితే అరగంటైనా ముట్టుకోకండి. ఆపైన మీ అదృష్టం."

ఆమె దారి పొడుగునా పరుగులాంటి నడకతో వచ్చి, నీళ్ళమందు రాసి, ఆరనిచ్చి, బిళ్ళ మీద జిగురు వేసి, గీత చూసుకుని గాజుకి నొక్కిపట్టింది. అరవై దాకా లెక్కపెట్టి వేలు తీసింది. బిళ్ళ నిలిచింది. హమ్మయ్య అనుకుంది.

మామగారు గోడ పట్టుకుంటూ వచ్చి, ముందు సీట్లో కూర్చుని చెయ్యి చాపాడు. చూపుడు వేలితో బిళ్ళ అంచు చుట్టూ తడిమాడు. ఆయన మొహం మారిపోయింది.

"తల్లీ, ఇది తలకిందులైంది. సన్నటి వైపు పైకుండాలి. ఇలాగైతే కాడ దీని మీదికి దిగదు."

కోడలు వంగి చూసింది. నిజమే. కళ్ళున్న తాను చూడనిది ఆయన వేలు చూసింది.

లాగితే గాజుకి ప్రమాదం. వేడి పెడితే అంతకన్నా ప్రమాదం. ఆమె ఒక్క అంగలో ఇంట్లోకెళ్ళి తన పనిసంచీ తెచ్చింది. సగం ఫ్రేము కళ్ళజోళ్ళకి అద్దాన్ని పట్టి ఉంచే సన్నటి నైలాన్ దారం తీసి, రెండు చేతులకీ చుట్టుకుని, బిళ్ళ వెనక దూర్చి రంపంలా కోయడం మొదలుపెట్టింది. జిగురు సగమే గట్టిపడింది. దారం వేళ్ళలోకి దిగి చర్మం తెల్లబడింది. సగం దూరం పోయాక 'టిక్' మని చిన్న చప్పుడు.

ఇద్దరూ బిగుసుకుపోయారు.

"గాజేనా?" మామగారు గొంతు తగ్గించి అడిగాడు.

దెబ్బలోంచి వెంట్రుకలాంటి గీత ఒకటి, బియ్యపుగింజ పొడవున, పైకి పాకింది. ఆమె దాన్నే చూస్తూ కూర్చుంది. అది అక్కడే ఆగింది. ఆమె మళ్ళీ దారం లాగింది, ఈసారి ఇంకా మెల్లగా. బిళ్ళ ఊడి ఒళ్ళో పడింది.

తొమ్మిదీ ముప్ఫై ఐదు. ట్యూబుని ఎంత పిండినా ఒక్క చుక్కే వచ్చింది. సన్నటి వైపు పైకి పెట్టి, మామగారి చేత కూడా తడిమించి, అప్పుడంటించింది. ఆమె వేళ్ళు తిమ్మిరెక్కి వణుకుతున్నాయి.

"నువ్వు తియ్యి. నేను పడతాను," అన్నాడాయన. బొటనవేలు బిళ్ళ మీద ఆనించాడు. చెయ్యి బండరాయిలా నిలిచింది.

తర్వాత ఆయనే అన్నాడు, గాజు వైపే చూస్తూ.

"నేనే లాగాను తల్లీ."

కోడలు ఆయన వైపు తిరిగింది.

"తెల్లవారాక వచ్చి కూర్చున్నాను. ఊరికే, అలవాటు కొద్దీ. అద్దంలో వెనక వీధి కనిపిస్తుందేమోనని చూశాను. మబ్బులా ఉంది. మురికేమోనని తుడిచాను. ఇటు తిప్పాను, అటు తిప్పాను. నా మొహం కూడా కనపడలేదు. అప్పుడు ఒళ్ళు మండింది. పట్టుకుని మెలిపెట్టేశాను."

"అత్తయ్య పరీక్ష ఇవాళని మర్చిపోయారా?"

"గుర్తుంది. అది చేతిలోకి ఊడొచ్చాక, ఇంక తను పరీక్షకి వెళ్ళలేదులే అని ఒక్క క్షణం ప్రాణం కుదుటపడింది. సిగ్గేసి ఇంట్లోకెళ్ళి పడుకున్నాను."

కారు తలుపు దగ్గర చెప్పుల చప్పుడైంది. అత్తగారు. ఎప్పుడొచ్చిందో, ఎంత విందో. మొహం ఎర్రగా కందిపోయింది. మామగారికి ఆ మొహం కనపడకపోయినా అడుగుల చప్పుడు తెలిసింది. ఆయన చెయ్యి కదలబోయింది.

"ఆ చెయ్యి తీశారంటే ఊరుకోను!" అంది ఆవిడ. "తియ్యకండి. అలాగే పట్టుకోండి."

ఆయన పట్టుకున్నాడు.

"ఏమేవ్..."

"మాట్లాడకండి. వేలు కదుల్తుంది."

ఆవిడ అక్కడే నిలబడింది. పమిట చెంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ. కోడలు ఎటు చూడాలో తెలియక చేతిగడియారం చూసుకుంది.

బిళ్ళ నిలిచింది. స్టాండులో మామగారి పాత సావాసగాడు, బండిని మైదానం దాకా తోలిపెడతానన్న డ్రైవరు, పదింటికే వచ్చి తొందరపెట్టాడు. కోడలు పదీ ఐదు దాకా ఎవర్నీ కారు తలుపు కూడా వెయ్యనివ్వలేదు. అప్పుడు అద్దాన్ని బిళ్ళ మీదికి మెల్లగా దింపి, కింది మరని కళ్ళజోడు మర తిప్పినంత సున్నితంగా బిగించింది. ఆ డ్రైవరు గుంటలన్నీ తప్పిస్తూ, కోడిగుడ్ల బుట్ట మోస్తున్నవాడిలా తోలాడు. దారిలో అందరూ ఆ అద్దాన్నే చూస్తూ కూర్చున్నారు.

మైదానంలో ఇన్‌స్పెక్టరు నిలువెత్తు మనిషి. కారులో కూర్చోగానే లైట్లు, హారను, బ్రేకు చూశాడు. ఆ తర్వాత చెయ్యెత్తి లోపలి అద్దాన్ని పట్టుకుని అటూ ఇటూ ఆడించాడు. కంచె బయట నిలబడ్డ కోడలు కళ్ళు మూసుకుంది.

"ఏమైంది?" అన్నాడు మామగారు.

"ఆడిస్తున్నాడు."

"ఊడిందా?"

ఆమె ఒక కన్ను తెరిచింది. "లేదు."

కారు కదిలింది. మామగారు కంచె తీగని రెండు చేతులా పట్టుకున్నాడు. "చెప్పు తల్లీ, జరిగేదంతా చెప్పు."

"ఎనిమిది అంకె తిరుగుతున్నారు. బాగానే తిరిగారు. ఎత్తు మీద ఆపారు."

"వెనక్కి జారిందా?"

"లేదు. ఎక్కేశారు."

"హ్యాండ్‌బ్రేకు వదిలే చప్పుడు వినపడింది. సరిగ్గానే వదిలింది," అన్నాడాయన తనలో తను.

మిగిలింది వెనక్కి తియ్యడం. కర్రల మధ్యకి కారు వంకరగా దిగి, టక్కున ఆగింది. లోపల అత్తగారు తలెత్తి అద్దంలోకి చూసింది, భుజం మీంచి వెనక్కి చూసింది, కొంచెం ముందుకొచ్చి, మళ్ళీ వెనక్కి తీసింది. ఎడమ కర్రకి జానెడు దూరంలో కారు నిలిచింది. కర్ర కదల్లేదు.

ఇన్‌స్పెక్టరు దిగి కాగితం మీద ఏదో రాశాడు. "ఆ గాజు మార్పించుకోండమ్మా, చీలిక మొదలైంది," అని కాగితం ఆవిడకిచ్చి వెళ్ళిపోయాడు.

అత్తగారు కంచె దాకా నడిచొచ్చింది. కాగితాన్ని కోడలి చేతిలో పెట్టింది. దాని మీద పాసైనట్టు ముద్ర ఉంది. కోడలు ఆవిడని గట్టిగా వాటేసుకుంది.

మామగారు నిలబడే ఉన్నాడు. "అయిందా?" అన్నాడు.

"అయింది." ఆవిడ ఆయన కేసి చాలాసేపు చూసింది. "పొద్దున మీరు చేసింది నేను మర్చిపోను. చెప్పి ఏడిస్తే పక్కన కూర్చునేదాన్ని కదా."

ఆయన తలవంచుకున్నాడు. "అలా చెప్పడం చేతకాలేదే."

"నేర్చుకోండి. ఈ వయసులో నేను గేర్లు నేర్చుకోలేదూ?"

డ్రైవరు తాళాలు ఆవిడకే వదిలేసి, తాను వెనక సీట్లో కోడలి పక్కన కూర్చున్నాడు. అత్తగారు ముందు తలుపు తీసి, మామగారి మోచెయ్యి పట్టుకుని తన పక్క సీట్లోకి ఎక్కించింది. బెల్టు కూడా తనే పెట్టింది.

"టీచరమ్మ ఇంటికి ఏ సందులోంచి వెళ్తే దగ్గర?" అంది, తాళం తిప్పుతూ.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "పోస్టాఫీసు దాటాక రెండో కుడి. మెల్లగా తిప్పు. అక్కడ కాలవ మూత ఎత్తుగా ఉంటుంది."