తిరగబడిన తొమ్మిది

“నా చెక్క హ్యాంగర్లన్నీ ఏమయ్యాయండీ?”

“జెర్సీలకు వాడాను. తీగవైతే భుజాల దగ్గర బుడిపెలు తేలుతున్నాయి.”

“అంటే నా బట్టలకు భుజాల్లేవా?”

కూతురు పుస్తకంలోంచి తలెత్తకుండానే, “నువ్వూ వీపు మీద ఒక నంబరు కుట్టుకో అమ్మా. చెక్క హ్యాంగరు దానంతటదే వస్తుంది,” అంది.

ఇంకో రోజైతే ఆమె ఇద్దరికీ కలిపి వడ్డించేదే. ఆ రోజుకి ఊరుకుంది. భర్త పదేళ్లుగా పాత ఫుట్‌బాల్ జెర్సీలు పోగుచేస్తున్నాడు. ఊరి క్లబ్బు నలభై ఏళ్ల కిందట కప్పు గెలిచిన ఫైనల్లో గోలు కొట్టినవాడి తొమ్మిదో నంబరు ఎర్ర జెర్సీ వాటిలో ఆయనకు ప్రాణం. క్లబ్బు కొత్తగా తెరవబోయే ప్రదర్శన గదిలో దాన్ని పెట్టాలో వద్దో తేల్చడానికి ఆ సాయంత్రమే పరిశీలకుడు వస్తున్నాడు.

ఆయన వచ్చాడు, టీ తాగాడు, సంచిలోంచి ఒక పాత ఫోటో తీశాడు. ఫైనల్ మొదలయ్యే ముందు, జట్టు మైదానంలోకి నడుస్తుంటే వెనకనుంచి తీసింది.

“చూడండి సార్. ఆరో నంబరు ఇద్దరికుంది. తొమ్మిది ఎవరికీ లేదు. మీకెవరో టోపీ పెట్టారు.”

“గోలు కొట్టినాయన తమ్ముడే ఇచ్చాడండీ,” అన్నాడు భర్త.

“అలాంటి తమ్ముళ్లను చాలామందిని చూశాను లెండి.”

భర్త ముఖం చూడలేక ఆమె జెర్సీని చేతిలోకి తీసుకుంది. ఇరుగుపొరుగు బట్టలు సరిచేసిపెట్టే మనిషి కాబట్టి, ఏ బట్ట దొరికినా ముందు తిరగేసి చూడడం ఆమెకు అలవాటు. తిరగేసి, కిటికీ వెలుతురుకు పట్టుకుంది.

“అన్నయ్యగారూ, ఒక్కసారి ఇలా రండి.”

అంకెను బట్టకు పట్టి ఉంచింది చేతికుట్టు. పొడుగ్గా, వంకరటింకరగా ఉంది. దాని పక్కనే సన్నని రంధ్రాల వరుస, మిషను కుట్టు విప్పేసిన గుర్తు. కుట్టుపెట్టెలోంచి సూది తీసి, దాని మొనను తాకీ తాకకుండా ఆ వరుస వెంట నడిపించింది. ఆరు.

“మొదట మిషను మీద తలకిందులుగా కుట్టేశారు. తొమ్మిది కాస్తా ఆరై కూర్చుంది. ఆట మధ్యలో ఎవరో చూసుకుని, విప్పి, తిప్పి కుట్టారు. అదీ మనిషి ఒంటిమీద ఉండగానే! లోపల చెయ్యి పెట్టే వీల్లేక ముళ్లన్నీ పైవైపే వేశారు చూడండి.”

పరిశీలకుడు గబగబా సంచిలోంచి క్లబ్బు రిజిస్టరు తీసి తిరగేశాడు. వేలు ఒకచోట ఆగింది. “రెండో సగం పన్నెండు నిమిషాలు ఆలస్యం. కారణం రాయలేదు.” కళ్లజోడు తీసి ఆమె వైపు చూశాడు. “నలభై ఏళ్లుగా వాన అనుకుంటున్నామమ్మా! గోలు పడింది ఆ రెండో సగంలోనే!”

భర్త పెట్టిన కేకకు పక్కింటి తలుపు తెరుచుకుంది.

రాత్రి భోజనాల దగ్గర ఆయన గొంతు సవరించుకున్నాడు. “జెర్సీని లోపలివైపు కనబడేలా పెడతారట. పక్కన కార్డు మీద మీ అమ్మ పేరు.”

“పదేళ్లూ వీపే చూశావా నాన్నా?” అంది కూతురు.

ఆమె కంచంలోంచి తలెత్తింది. “ఇకమీదట ఈ ఇంట్లోకి ఏ జెర్సీ రావాలన్నా ముందు నేను తిరగేసి చూడాల్సిందే. చెక్క హ్యాంగర్లు రేపటికల్లా నా బీరువాలోకి రావాలి.” ఒక్క క్షణం ఆగి, “ఆ తొమ్మిదో నంబరు హ్యాంగరు మాత్రం జెర్సీతోనే పంపండి,” అంది.